నిబంధనలు తెలిసిన మంచి పనివాళ్లే వాటిని ఎందుకు పక్కన పెడుతున్నారు?

పరవాడ_బి_షిఫ్ట్
పరవాడ ప్రాంతంలోని ఒక రసాయనాల యూనిట్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జిగా పనిచేస్తున్నాను. మొన్న రాత్రి షిఫ్టులో తెల్లవారుజామున ఫీల్డులోకి వెళ్లి రియాక్టర్ల లాగ్ షీటు చూశాను. గంటగంటకూ తీయవలసిన ఉష్ణోగ్రత, ప్రెషర్ రీడింగులు, ఇంకా రాని ఆరు గంటల గడితో సహా, నిండి ఉన్నాయి. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాసినవని చూడగానే తెలుస్తోంది. అంకెలు మాత్రం అనుమానం రాకుండా ఒక డిగ్రీ పైకి, ఒక డిగ్రీ కిందికి మారుతూ ఉన్నాయి.

ఆపరేటర్‌ను అడిగితే అతను తడబడలేదు. "రాత్రంతా రీడింగు అక్కడే ఉంటుంది సార్, మారేదేముంది? కంట్రోల్ రూములో కంప్యూటర్ ఎలాగూ రికార్డు చేస్తోంది. ఇద్దరి పని ఒక్కడినే చేస్తున్నాను. ఏ షిఫ్టు వాళ్లయినా ఇంతే, కావాలంటే పాత షీట్లు తీసి చూడండి" అన్నాడు. తీసి చూశాను. అతను చెప్పింది నిజమే.

నన్ను కలవరపెడుతున్నది ఆ మనిషి ఎవరన్నదే. ఒకసారి పంపు సీలు పోయి సాల్వెంట్ చిమ్మినప్పుడు అందరూ వెనక్కి పరుగెత్తుతుంటే ముందుకు వెళ్లి వాల్వు కట్టేసినవాడు అతనే. కొత్త కుర్రాళ్లకు ఓపికగా పని నేర్పేదీ అతనే. అలాంటివాడు లేని అంకెను రాసి అంత స్థిమితంగా ఎలా నిలబడగలుగుతున్నాడు? నేను పైకి రిపోర్టు చేయాలా, మాట్లాడి వదిలేయాలా?

గాజువాక_ఫిట్టర్
ఇద్దరి పని ఒక్కడికి అప్పగించారని అతను చెప్పిన మాట సాకు కాదు, అది మీ యూనిట్ పరిస్థితి. ముందు ఆ రెండో మనిషి ఎక్కడికి పోయాడో కనుక్కోండి.

మద్దిలపాలెం_లెక్చరర్
అతని జవాబును జాగ్రత్తగా చూస్తే అందులో నాలుగు వేర్వేరు సమర్థనలు ఉన్నాయి. గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మట్జా అనే ఇద్దరు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు 1957లో ఒక వ్యాసం రాశారు. దారి తప్పిన కుర్రాళ్ల గురించి రాసినదైనా, తరువాతివారు దాన్ని ఆఫీసులకూ ఫ్యాక్టరీలకూ విస్తారంగా అన్వయించారు. తప్పు చేసేవాడు నిబంధనను తిరస్కరించడనీ, దాన్ని గౌరవిస్తూనే తన సందర్భానికి వర్తించదని మనసుకు నచ్చజెప్పుకుంటాడనీ వారి వాదన. దానికి ఐదు దారులు చూపించారు. నా చేతిలో ఏమీ లేదనడం, ఎవరికీ నష్టం లేదనడం, నష్టపోయినవాడికి అలా జరగవలసిందే అనడం, తప్పు పట్టేవాళ్ల తప్పులు ఎత్తి చూపడం, నా వాళ్ల కోసమే చేశాననడం.

మీ ఆపరేటర్ మాటల్లో "రీడింగు మారదు" అన్నది రెండోది, "ఒక్కడినే" అన్నది మొదటిది. ఆ పరిశోధకులు నొక్కి చెప్పిన ముఖ్యవిషయం ఏమిటంటే, ఈ సమర్థనలు పని జరిగిన తరువాత పుట్టేవి కావు. అవి ముందే మనసులో సిద్ధంగా ఉంటాయి కాబట్టే చెయ్యి కదులుతుంది. అందువల్లనే అతను తడబడలేదు.

ఇంకొకటి కూడా ఉంది. 1974లో కార్ల్ క్లాకర్స్ అనే పరిశోధకుడు, మనుషులు తమ మంచిపనులను జమగా, తప్పులను ఖర్చుగా వేసుకుని లెక్క సరిపోయిందనుకుంటారని రాశారు. వాల్వు కట్టేసిన రోజు మీ ఆపరేటర్ ఖాతాలో పెద్ద జమగా ఉండి ఉంటుంది. మీ ఖాతాలో కూడా అతనికి అదే జమ ఉంది, లేకపోతే మీరు ఈ ప్రశ్న అడిగేవారు కారు.

లేత్_శ్రీను
మేడమ్ చెప్పింది శ్రద్ధగా చదివాను. అయితే కార్మికుడు ఏది చెప్పినా దానికి ముందే ఒక పేరు పెట్టి ఉంచితే, అతను నిజం చెప్పినప్పుడు మనకు వినపడుతుందా?

మాది ఆటోనగర్‌లో మెషిన్ షాపు. మాకు పని ఇచ్చే ఒక పెద్ద కంపెనీ, షెడ్డులో అడుగుపెట్టిన ప్రతి ఒక్కరూ ఎప్పుడూ చేతి తొడుగులు వేసుకోవాలని ఒప్పందంలో రాసింది. లేత్ మీద జాబ్, అంటే చెక్కుతున్న లోహపు ముక్క, తిరుగుతుండగా, డ్రిల్ బిట్ తిరుగుతుండగా తొడుగు వేసుకుంటే దాని అంచు చుట్టుకుని వేళ్లను లోపలికి లాగేస్తుంది. పని నేర్చుకునే మొదటి వారంలోనే గురువు చెప్పే మాట ఇది. తనిఖీకి వచ్చినప్పుడు తొడుక్కుంటాం, వాళ్లు గేటు దాటగానే తీసేస్తాం. వేళ్లు కాపాడుకోవడానికి ఆ నిబంధనను అతిక్రమించక తప్పదు. దీన్ని ఆ ఐదింటిలో ఎక్కడ పెడతారు?

మద్దిలపాలెం_లెక్చరర్
శ్రీను గారు, మీది సమర్థన కాదు, సరైన కారణం. రెండూ ఒకే మాటల్లో బయటికి వస్తాయి కాబట్టే వినేవారికి కష్టమవుతుంది. మీ అభ్యంతరాన్ని అంగీకరిస్తున్నాను.

పాత_సేఫ్టీ
తొడుగుల విషయంలో శ్రీను చెప్పింది అక్షరాలా సరైనది. తిరిగే యంత్రం దగ్గర తొడుగు వద్దన్నదే అసలు భద్రతా సూత్రం. ఆ నిబంధన రాసినవారు లేత్ పక్కన నిలబడి రాయలేదు. అలాంటిదాన్ని మార్పించాలి.

కానీ నేను ఎక్కువగా చూసినవి అలాంటివి కావు. వెసెల్ ఎంట్రీ పర్మిట్, అంటే ట్యాంకులోకి దిగడానికి ఇచ్చే అనుమతి పత్రం, సంగతే తీసుకోండి. ట్యాంకులోకి మనిషి దిగే ముందు పై భాగంలో, మధ్యలో, అడుగున గాలి పరీక్షించాలి, ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, బయట ఒక మనిషి కదలకుండా కాపలా ఉండాలి. వాస్తవంలో పొద్దున తీసిన రీడింగునే మధ్యాహ్నం పర్మిట్‌లో ఎక్కిస్తారు. సంతకం పెట్టవలసినవారు కుర్చీలోంచి లేవరు. కాపలా మనిషిని "ఈ రెండు బోల్టులు పట్టుకురా" అని పంపేస్తారు. వీటిలో ఒక్కదానికి కూడా నిబంధన తప్పన్న కారణం లేదు. "పొద్దున చూశాం కదా" అన్న ఒక్క మాట చాలు.

నైట్రోజన్ నింపిన ట్యాంకులో వాసన రాదు, మంట పుట్టదు, గొంతు పట్టదు. దిగినవాడికి తెలియకుండానే కూలిపోతాడు. పైన ఉన్నవాడు తోటివాడి కోసం ఏమీ ఆలోచించకుండా దిగి అతనూ పోతాడు. ఇలాంటి ప్రమాదాల్లో రక్షించబోయినవారే ప్రాణాలు కోల్పోయిన ఉదంతాలు ఎన్నో. మంచితనం వల్లనే ఆ రెండో ప్రాణం పోతుంది, అందుకే కాపలా మనిషిని కదిపేవారిని నేను క్షమించలేను.

ఉక్కు_రిటైర్డ్
పాత_సేఫ్టీ గారు చెప్పినవి కళ్లారా చూసినవాడిని. అయినా ఇందులో కార్మికుడి మనసొక్కటే వెతికితే సగమే దొరుకుతుంది. యూనియన్లకు "వర్క్ టు రూల్" అనే ఆయుధం ఉందని కుర్రవాళ్లకు తెలిసి ఉండకపోవచ్చు. సమ్మె చేయరు, గైర్హాజరు కారు, పుస్తకంలో ఉన్న ప్రతి నిబంధననూ అక్షరం తప్పకుండా పాటిస్తారు, అంతే. ఉత్పత్తి పడిపోతుంది. నిబంధనలన్నీ పాటించడమే ఒక నిరసన రూపం కాగలిగిందంటే, మామూలు రోజుల్లో అవన్నీ పాటించకుండానే టార్గెట్ చేరుతున్నామని యాజమాన్యానికి తెలిసినట్టే కదా.

టన్నులు వచ్చినంతకాలం ఎలా వచ్చాయని ఎవరూ అడగరు. ప్రమాదం జరిగిన మరునాడు మాత్రం పుస్తకం తెరిచి, చనిపోయినవాడు ఫలానా నంబరు నిబంధన పాటించలేదని రాస్తారు. పేరు పైకి పోతుంది, నింద కిందికి వస్తుంది. నేను పనిచేసినంతకాలం నన్ను బాధించిన విషయం ఇదే.

మద్దిలపాలెం_లెక్చరర్
ఉక్కు_రిటైర్డ్ గారి మాటకు దగ్గరగా ఒక పాత అధ్యయనం ఉంది. ఆల్విన్ గౌల్డ్‌నర్ అమెరికాలో ఒక జిప్సం కర్మాగారాన్ని పరిశీలించి 1954లో ప్రచురించారు. అక్కడ పొగ తాగరాదన్న నిబంధన బీమా సంస్థ కోసం పెట్టింది. కార్మికులూ పాటించేవారు కారు, అధికారులూ పట్టించుకునేవారు కారు. తనిఖీ అధికారి వస్తున్నాడంటే మాత్రం అందరూ ఆపేసేవారు. అదే కర్మాగారంలో, ఇరుపక్షాలూ తమకు మేలని నమ్మిన భద్రతా నిబంధనలకు మాత్రం గట్టి మద్దతు ఉండేది. శ్రీను గారి తొడుగులు మొదటి రకానికి చెందుతాయి.

వార్డు_సిస్టర్
నేను నగరంలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. మా దగ్గర కూడా రెండు రకాలూ ఉన్నాయి.

విజిటింగ్ సమయం అయిపోయాక ఐసీయూలోకి ఎవరినీ పంపకూడదు. శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి బస్సులు మారి చీకటి పడ్డాక వచ్చిన తల్లిని, కొడుకును ఒక్కసారి చూస్తానంటే లోపలికి పంపుతాను. చేతులు కడిగించి, గౌను వేయించి, పక్కనే నిలబడి చూపిస్తాను. ఎందుకు పంపావని ఎవరు అడిగినా అదే జవాబు చెబుతాను.

రెండో రకం వేరు. ప్రమాదకరమైన ఇంజెక్షన్లు ఇచ్చే ముందు ఇద్దరు సిస్టర్లు విడివిడిగా పేరు, మందు, మోతాదు చూసి సంతకాలు చేయాలి. రాత్రి ఒక్కరే ఉంటే ఇంజెక్షన్ ఇచ్చేసి, పొద్దున డ్యూటీకి వచ్చిన సిస్టర్‌తో రెండో సంతకం పెట్టించుకునేవారు ఉన్నారు. కఫ్ కట్టకుండానే బీపీ రాసేవారూ ఉన్నారు. అడిగితే "రోగికి ఆలస్యం కాకూడదని" అంటారు. కానీ ఆ మాటను రోగి ఇంటివాళ్ల ముందు నిలబడి చెప్పగలరా? చెప్పలేరు. నాకు తేడా అక్కడే తెలుస్తుంది.

రుషికొండ_కోడర్
మా ఐటీ వాళ్ల సంగతి తిరగేసి ఉంటుంది. పదకొండు గంటలు పనిచేసిన రోజు కూడా టైమ్ షీటులో ఎనిమిదే వేయమంటారు, ఎక్కువ వేస్తే ప్రాజెక్టు బడ్జెట్ దాటిపోతుందట. అబద్ధం రాసేది మేము, లాభం కంపెనీది. పనివేళల్లో ఎవరైనా గంటసేపు సొంత పని చూసుకుంటే, "నా దగ్గర వాళ్లు తీసుకున్న గంటలతో పోలిస్తే ఇదెంత" అనుకుంటారు. మేడమ్ చెప్పిన జమాఖర్చు నాకు వెంటనే అర్థమైంది. అబద్ధం రాయడం నేర్పింది పైవారే అయినప్పుడు, అది వాళ్లు కోరినచోటే ఆగుతుందని ఎలా అనుకుంటారు?

ద్వారకానగర్_క్యాషియర్
బ్యాంకులో ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు సరిచూసి అనుమతించాలి. జీతాల రోజుల్లో క్యూ గుమ్మం దాటుతుంది, ఆఫీసర్ లోపల లోన్ ఫైలు చూస్తుంటారు. "నా పాస్‌వర్డ్ కొట్టేసుకో బాబూ" అంటారు. నమ్మకమే దానికి సమర్థన. పాస్‌వర్డ్ ఇవ్వడానికి వెనకాడితే నన్ను నమ్మడం లేదా అని నొచ్చుకుంటారు, అందుకే ఎవరూ కాదనలేరు. ఒకే చేయి రెండు సంతకాలూ చేశాక ఆ రెండో కన్ను కాగితం మీదే ఉంటుంది.

డొనాల్డ్ క్రెసీ అనే ఆయన సంస్థల సొమ్ము వాడుకుని జైలుకు వెళ్లినవారితో మాట్లాడి 1953లో తన పరిశోధన వెలువరించారు. వారిలో చాలామంది దొంగతనం చేస్తున్నామని అనుకోలేదు, తిరిగి కట్టేస్తాం కాబట్టి అప్పు తీసుకుంటున్నామనే అనుకున్నారు. మా శిక్షణలో విన్నప్పటి నుంచి అది నా మనసులోంచి పోలేదు.

గోపాలపట్నం_వాసి
ఇంతసేపూ ఉద్యోగి, అధికారి, యాజమాన్యం అని మాట్లాడుతున్నారు. ప్రహరీ అవతల మేము కూడా ఉన్నాం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో, ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరిన్ అనే రసాయనం ఆవిరై ఊరి మీదికి వచ్చింది. పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదికలో నేను మరిచిపోలేని రెండు సంగతులున్నాయి. ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగున మాత్రమే కొలిచారు, పైపొరల్లో పెరిగిన వేడి ఆ అంకెలో కనబడలేదు. ప్రమాద సైరన్ ఏర్పాటు ఉండి కూడా మోగలేదు.

"రీడింగు మారేదేముంది" అని ఆ ఆపరేటర్ అన్నాడని చదివినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. ఎవరికీ నష్టం లేదని లెక్క వేసుకునేటప్పుడు మమ్మల్ని ఆ లెక్కలో కలిపారా?

పరవాడ_బి_షిఫ్ట్
మీ బాధ నాకు అర్థమవుతోంది. ఇక్కడ అడగడానికి కారణం కూడా అదే. నా వాదన కొంత చెబుతాను. మా దగ్గర అడుగునా, మధ్యలో, పైనా సెన్సార్లు ఉన్నాయి, అంకెలు నేరుగా కంట్రోల్ రూముకు వెళ్తాయి. ఆపరేటర్ చేత్తో రాసే షీటు నిజంగా దేనికని అతనే నన్ను అడిగితే, వెంటనే చెప్పలేకపోయాను.

పాత_సేఫ్టీ
దేనికో నేను చెబుతాను, ఎందుకంటే ఇది చాలా చోట్ల ఎవరూ చెప్పరు. ఆ షీటు అంకె కోసం పెట్టింది కాదు. గంటకొకసారి ఒక మనిషిని రియాక్టర్ దాకా నడిపించడం కోసం పెట్టింది. అలా నడిచివెళ్లిన మనిషి పంపు బేరింగు గీరుతున్న శబ్దం వింటాడు. పైపుల అతుకు, అంటే ఫ్లాంజ్, కింద తడి చూస్తాడు. కొత్త వాసన పసిగడతాడు. పంపు ఇరుసు చుట్టూ ఉండే గ్లాండ్ దగ్గర చెయ్యి ఆనిస్తే మామూలుకన్నా వేడిగా ఉందని తెలుస్తుంది. సెన్సార్ పెట్టని చోట్ల ఏం జరుగుతోందో కంట్రోల్ రూముకు తెలియదు. ఫీల్డు గేజీ ఒకటి, తెర మీద అంకె ఒకటి చూపిస్తే సెన్సార్ పాడైందని కూడా అప్పుడే బయటపడుతుంది. మీ ఆపరేటర్ వదిలేసింది అంకెను కాదు, ఆ నడకను.

ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పి ఉండరు. షీటు నింపాలని మాత్రమే చెప్పి ఉంటారు, అతను నింపుతున్నాడు.

గాజువాక_ఫిట్టర్
ఇది నాకు కూడా కొత్తగా తెలిసింది, ధన్యవాదాలు. అయినా రెండో మనిషి ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. ఒక్కడే నాలుగు రియాక్టర్లు చూసుకుంటూ, డ్రమ్ములు ఎక్కిస్తూ, శాంపిల్ ల్యాబుకు పట్టుకెళ్తూ గంటకోసారి ఎలా నడుస్తాడు?

చట్టం మాట కూడా చెప్పుకుందాం. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన 41-హెచ్ సెక్షను, ప్రమాదకర ప్రక్రియలున్న చోట ముప్పు ఉందని గట్టిగా అనిపిస్తే దాన్ని అధికారుల దృష్టికి తెచ్చే హక్కు కార్మికుడికి ఇచ్చింది. కాంట్రాక్టు కార్మికుడు ఆ హక్కు వాడితే ఏమవుతుంది? ఎవరూ శిక్షించరు. "రేపటి నుంచి నీ గేట్ పాస్ రెన్యువల్ కాలేదు" అంటారు, అంతే. కాబట్టి అతను నోరు మూసుకుని గడి నింపుతాడు.

మానవవనరులు_కల్యాణి
యాజమాన్యం వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి. ఒకరిని చూసీ చూడనట్టు వదిలేస్తే మిగిలినవారికి అదే నిబంధన అయిపోతుంది. ఛాలెంజర్ వ్యోమనౌక 1986 జనవరి 28న కూలిపోయి ఏడుగురు చనిపోయారు. డయాన్ వాన్ అనే సామాజిక శాస్త్రవేత్త దాన్ని లోతుగా పరిశీలించారు. రాకెట్ అతుకుల్లోంచి వాయువు బయటికి రాకుండా ఆపే ఓ-రింగులు అనే రబ్బరు వలయాలు దెబ్బతింటున్నట్టు అంతకుముందు ప్రయాణాల్లోనే కనిపించినా, ఏమీ కాలేదు కాబట్టి ప్రతిసారీ అంగీకరించుకుంటూ పోయారని ఆమె చూపించారు. అందువల్ల మెమో ఇవ్వవలసిందేనని నా అభిప్రాయం.

ఉక్కు_రిటైర్డ్
కల్యాణి గారు, మీరు ఇచ్చిన ఉదాహరణే మీ ముగింపుకు ఎదురు నిలుస్తోంది. ఆ ప్రయోగం వద్దని ఇంజనీర్లు ముందురోజు రాత్రే హెచ్చరించారు, వినవలసినవారు వినలేదు. అక్కడ కింది ఉద్యోగికి మెమో ఇచ్చి ఉంటే ఏం ఒరిగేది?

మానవవనరులు_కల్యాణి
ఆ మాట నిజమే, అయినా హెచ్చరించిన ఇంజనీరూ, అంకె కల్పించిన ఆపరేటరూ ఒకటి కాదు. మొదటివారు నిజం చెప్పారు.

పరవాడ_బి_షిఫ్ట్
కల్యాణి గారి ఈ ఒక్క వాక్యంతో నా సమస్య ఎక్కడుందో నాకు దొరికింది. మా దగ్గర నిజం చెబితే ఏమవుతుందో చెబుతాను.

మా యూనిట్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ యూఎస్ఎఫ్‌డీఏ తనిఖీలు ఉంటాయి. ఏ పని ఎప్పుడు చేశారో అప్పుడే, చేసినవారే రాయాలన్నది వాళ్ల గట్టి పట్టుదల. అది సరైనదే. కానీ దాని వల్ల ఖాళీ గడి ఒక పెద్ద నేరమైపోయింది. మూడు గంటల గడి ఖాళీగా ఉంటే నేను డీవియేషన్ రిపోర్టు, అంటే పద్ధతి తప్పిందన్న నివేదిక, తెరవాలి, కారణం రాయాలి, మళ్లీ జరగకుండా ఏం చేస్తున్నామో రాయాలి, క్వాలిటీ వాళ్లు వచ్చి ఆపరేటర్‌ను కూర్చోబెట్టి ప్రశ్నిస్తారు, నెలాఖరు మీటింగులో మా షిఫ్టు పేరు తెర మీద పడుతుంది. అదే గడిలో కల్పించిన అంకె ఉంటే ఏమీ జరగదు. షీటు శుభ్రంగా ఉందని మెచ్చుకుంటారు. నిజం రాసినవాడు సంజాయిషీ ఇచ్చుకుంటాడు, అబద్ధం రాసినవాడు ఇంటికి వెళ్లి పడుకుంటాడు. ఇన్నాళ్లుగా మేమే అతనికి ఇది నేర్పించాం.

వార్డు_సిస్టర్
మా కేస్ షీట్లలో కూడా ఇదే జరుగుతోంది. ఖాళీ వదిలితే మందలింపు, నింపితే ఏమీ లేదు. "మనిషి లేక చూడలేదు" అని రాయడానికి ఒక చోటు ఉంటే రాసేవాళ్లు ఉంటారు.

పాత_సేఫ్టీ
ఖాళీ గడి వచ్చే షిఫ్టుకు ఒక సమాచారం. మూడు నుంచి ఐదు దాకా ఎవరూ చూడలేదని తెలిస్తే ఎ షిఫ్టు వాళ్లు రాగానే ముందు అక్కడికే వెళ్తారు. కల్పించిన అంకె వాళ్లను అటు వెళ్లకుండా ఆపుతుంది. అబద్ధపు రీడింగు వల్ల కలిగే అసలు నష్టం అదే, దాన్ని ఏ డీవియేషన్ రిపోర్టూ పట్టుకోదు.

పరవాడ_బి_షిఫ్ట్ గారు, షిఫ్టు హ్యాండోవర్ రిజిస్టరు మీ చేతిలోనే ఉంటుంది. రాత్రి ఒక్క మనిషితో నడిచిందని, ఫలానా గంటల రౌండు జరగలేదని మీరే మీ సంతకంతో రాయండి. అప్పుడు ప్రశ్న ఆపరేటర్‌ను వదిలి, మనుషులను కేటాయించేవారి దగ్గరికి వెళ్తుంది.

మానవవనరులు_కల్యాణి
దీనికి నేను అభ్యంతరం చెప్పను. కానీ ఇప్పటికే కల్పించి రాసిన అంకెల సంగతి కూడా రాయాలి. అది దాచి రెండో మనిషిని మాత్రం అడిగితే, మీరు కూడా అదే షీటు నింపినట్టు అవుతుంది.

గాజువాక_ఫిట్టర్
ఇక్కడ కల్యాణి గారితో ఏకీభవిస్తున్నాను. అయితే ఒక్క అతని పేరే రాయవద్దు. పాత షీట్లన్నీ అలాగే ఉన్నాయని మీరే చూశారు కాబట్టి అన్ని షిఫ్టులనూ కలిపి రాయండి. రాసే ముందు అతన్ని పిలిచి చెప్పండి. పని నేర్పే మనిషి కాబట్టి, నడక దేనికో అతనికి తెలిస్తే మిగతావారికి మీకన్నా బాగా చెబుతాడు. రిజిస్టరు పేజీకి ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.

పరవాడ_బి_షిఫ్ట్
అలాగే చేస్తాను. ఈ వారం నాకు రాత్రి షిఫ్టే. ముందు అతనితో కలిసి ఒక రౌండు నడుస్తాను, ఆ తరువాత రాస్తాను. పైవారు ఏమంటారో ఇక్కడ చెబుతాను.

లేత్_శ్రీను
అందరూ ఉండగానే నాది కూడా తేల్చండి. మా తొడుగుల నిబంధన మార్పించాలంటే ఎవరికి రాయాలి? పెద్ద ఫ్యాక్టరీల్లో అయితే కార్మికులూ యాజమాన్యమూ సమాన సంఖ్యలో ఉండే సేఫ్టీ కమిటీ ఉంటుందంటారు. మా షెడ్డు చిన్నది, అలాంటిదేమీ లేదు. ఓనర్‌కు చెబితే ఆర్డరు పోతుందని భయపడుతున్నారు.

పాత_సేఫ్టీ
ఓనర్ పేరుతోనే, నిబంధన పెట్టిన కంపెనీ సేఫ్టీ విభాగానికి రాయించండి. తొడుగులు వేసుకోం అని రాయవద్దు. తిరిగే యంత్రాల దగ్గర తప్ప మిగతా అన్ని పనులకూ వేసుకుంటామని, లేత్, డ్రిల్, మిల్లింగ్ పేర్లు విడివిడిగా పేర్కొంటూ రాయండి. మెటీరియల్ ఎత్తేటప్పుడు, కోసిన అంచుల మీది పదును ముక్కలు (బర్) తీసేటప్పుడు వేసుకుంటున్న ఫొటోలు జతచేయండి. ఆ కంపెనీ సొంత మెషిన్ షాపులో లేత్ దగ్గర ఏ నిబంధన ఉందో కూడా అడగండి. ముసాయిదా రాసి ఇక్కడ పెడితే నేను దిద్దుతాను.